కర్ణాటక సంగీతం ఇంట్లో వినాలంటే: స్టూడియో ఆల్బమా, కచేరీ రికార్డింగా, పాత రికార్డులా?

ఫోన్‌లో ఏ మ్యూజిక్ యాప్ అయినా తెరిచి ‘ఎందరో మహానుభావులు’ అని కొట్టి చూడండి. జాబితా ఓ పట్టాన తెగదు. గాత్రం, వీణ, వయొలిన్, మాండలిన్, శాక్సఫోన్, పిల్లల బృందగానం, అన్నీ వరసగా వస్తాయి. అందులో చాలావాటికి ఈ మధ్య తేదీలే ఉంటాయి. కానీ ఎక్కించిన తేదీ కొత్తదైనంత మాత్రాన రికార్డింగ్ కొత్తది కాదు. ఎప్పటిదో క్యాసెట్‌కు కొత్త బొమ్మ అంటించి ఈ ఏడాది విడుదలగా చూపించడం మామూలే.

విశాఖపట్నం కళాభారతి ఆడిటోరియంలో కచేరీ విని, పిఠాపురం కాలనీ రోడ్డు మీదికి వచ్చేసరికి ‘ఇంటికెళ్ళి ఇలాంటిదే ఇంకోటి పెట్టుకుంటే బావుణ్ణు’ అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాడినవారి పేరు తర్వాత చూడొచ్చు, ఆ రికార్డింగ్ ఎలా చేశారన్నది ముందు చూడండి. గొప్ప విద్వాంసుడివైనా మైకులో నలిగిపోయిన రికార్డింగుల కంటే, మంచి గదిలో మంచి మైకు ముందు కూర్చున్న పాతికేళ్ళ కుర్రాడి గంట కచేరీలో మీకు ఎక్కువ సంగీతం దొరుకుతుంది. దీనికి ఒప్పుకోని పెద్దలు వైజాగ్‌లో చాలామందే ఉన్నారు. వాళ్ళ ఎదురుగా ఈ మాట అనే ధైర్యం నాకు లేదు, అందుకే రాస్తున్నాను.

మాట వినబడాలంటే స్టూడియో

తెలుగువాళ్ళకు ఈ సంగీతంలో పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య మన భాషలో రాశారు. చెన్నైలో ముందు వరసలో కూర్చునే రసికులు పుస్తకంలో అర్థం చూసుకుని వినే కీర్తన మనకు చెవిన పడుతూనే సగమైనా తెలిసిపోతుంది. అందుకని కొత్తగా వినేవాళ్ళకు నేను మొదట చెప్పేది సాహిత్యం స్పష్టంగా వినిపించే స్టూడియో ఆల్బమే. గాయకుడు మైకుకు దగ్గరగా కూర్చుంటాడు, పాట అయిదారు నిమిషాల్లో అయిపోతుంది, ప్రతి అక్షరం నిలబడుతుంది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు ఇందుకు తిరుగులేని ఉదాహరణ. ‘పలుకే బంగారమాయెనా’ ఆనందభైరవిలో వింటుంటే రాగం పేరు తెలియనివాళ్ళకూ అందులోని నిష్ఠూరం తెలుస్తుంది. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో అనిపిస్తుంది నాకు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ కూడా ఈ కోవలోదే. అన్నమయ్య ‘నానాటి బ్రతుకు నాటకము’కు అందరికీ అలవాటైన రేవతి రాగం బాణీ కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. ఆయన విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు, 1991లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు, 2014లో విశాఖలోనే కన్నుమూశారు. ఆ కీర్తనను ఎం.ఎస్. గొంతులో ఒకసారి, నేదునూరి గొంతులో ఒకసారి వినండి. మొదటిదానిలో పూజగదిలో దీపం దగ్గర కూర్చున్నంత నెమ్మది. రెండోదానిలో బాణీ కట్టినవాడి చొరవ ఉంటుంది, అదే పదం దగ్గరికి ఇంకో దారిలో వెళ్ళి వస్తారు. రెండూ కావలసినవే. ఇంట్లో పెద్దవాళ్ళకు పొద్దున్నే పెట్టడానికి మాత్రం మొదటిదే.

ఇక కొత్త స్టూడియో ఆల్బమ్‌ల సంగతి. ఇక్కడ కాస్త జాగ్రత్త పడాలి. ఈ రోజుల్లో మృదంగం ఒక రోజు, వయొలిన్ ఇంకో రోజు, గాత్రం ఇంకో ఊళ్ళో రికార్డు చేసి కలపడం పెద్ద పని కాదు. అలా చేసినవి గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. కచేరీలో గాయకుడు ఆలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించడం) చేస్తుంటే వయొలిన్ ఒక తృటి వెనకగా, నీడలా వస్తుంది. మృదంగం వాయించే ఆయన గాయకుడు ఊపిరి తీసుకునే చోట చెయ్యి తేలిక చేస్తాడు. ఈ రెండూ లేకుండా అందరూ ఎవరి దారిన వాళ్ళు సరిగ్గా వాయించుకుపోతుంటే అది అతికించిన రికార్డింగే అనుకోండి. తప్పులుండవు, కానీ ఒకరి మాట ఒకరు వింటున్నట్టు కూడా ఉండదు.

దానికి తోడు శ్రుతిని దిద్దే సాఫ్ట్‌వేర్ వచ్చింది. సినిమా పాటకు అది సరిపోతుందేమో గానీ కర్ణాటక సంగీతానికి పనికిరాదు. తోడి రాగంలో గాంధారం, అంటే ‘గ’, ఒక చోట నిలబడి ఉండే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి. ఆ ఊపే గమకం. సాఫ్ట్‌వేర్‌కు అది తప్పులా కనబడుతుంది, పట్టుకుని దగ్గర్లో ఉన్న స్వరస్థానానికి అంటిస్తుంది. తోడి పాట వింటుంటే గాంధారం మెట్లు మెట్లుగా, ఇస్త్రీ చేసినట్టు వినిపించిందంటే ఆ ఆల్బం పక్కన పెట్టేయండి. ఎంత పేరున్నవాళ్ళు పాడినా సరే.

కచేరీ రికార్డింగులు

రాగం రుచి తెలియాలంటే కచేరీ రికార్డింగే వినాలి. స్టూడియోలో పది నిమిషాలకు కుదించిన కాంభోజి వేరు, కచేరీలో ముప్పావుగంట నడిచే కాంభోజి వేరు. ఆలాపన, కీర్తన, నెరవలు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం), కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), తని ఆవర్తనం (మృదంగం వాళ్ళు విడిగా వాయించేది), వీటన్నిటికీ చోటు కావాలి. పైగా గాయకుడికి ఎదురుగా వినేవాళ్ళు కావాలి. ఒక మంచి సంగతి (పాదాన్ని కొత్తగా మలిచి పాడే తీరు) పడగానే మూడో వరసలోంచి ‘ఆహా’ అని వినబడితే తర్వాతి సంగతి ఇంకాస్త పైకి వెళ్తుంది. స్టూడియో గోడ ‘ఆహా’ అనదు.

అయితే కచేరీ రికార్డింగులన్నీ ఒకటి కావు. మూడు రకాలున్నాయి, మూడింటికీ చాలా తేడా.

మొదటిది రేడియోది. ఆకాశవాణి స్టూడియోలో విద్వాంసుల్ని కూర్చోబెట్టి, ఒక్క టేకులో, గడియారం చూసుకుంటూ చేసినవి. సమయం తక్కువే గానీ సమతూకం బాగుంటుంది. గాత్రం, వయొలిన్, మృదంగం దేని చోటులో అది ఉంటుంది. వోలేటి వెంకటేశ్వర్లు లాంటి మహావిద్వాంసుణ్ణి వినాలంటే మనకు ఎక్కువగా దిక్కు ఈ రేడియో రికార్డింగులే. ఇరవై నిమిషాల్లో ఒక రాగాన్ని ఎలా పూర్తిగా చూపించవచ్చో ఆయన దగ్గర వినాలి. 2016 జనవరి 26న మొదలైన ఆకాశవాణి ‘రాగం’ ఛానెల్ ఇరవైనాలుగు గంటలూ శాస్త్రీయ సంగీతమే వేస్తుంది, వాళ్ళ యాప్‌లో ఉచితం. ఏది వస్తుందో మన చేతిలో ఉండదు. అదీ ఒకందుకు మంచిదే. యాప్‌లో పాట ఎంచుకోవడానికి పావుగంట, వినడానికి అయిదు నిమిషాలు అయ్యేవాళ్ళకు రేడియోనే నయం.

రెండో రకం సభల్లో మిక్సర్ (అన్ని మైకుల ధ్వనినీ కలిపే యంత్రం) నుంచి నేరుగా తీసినవి. యూట్యూబ్‌లో కనబడే కచేరీల్లో ఎక్కువభాగం ఇవే, నిరాశపరిచేవీ ఎక్కువగా ఇవే. కారణం తెలిస్తే కళాకారుల మీద కోపం రాదు. మిక్సర్‌ను సరిచేసేది హాల్లో కూర్చున్నవాళ్ళ కోసం. మృదంగం, ఘటం తమంతట తామే హాలంతా వినిపిస్తాయి కాబట్టి వాటి మైకు తగ్గిస్తారు, గొంతు మైకు పెంచుతారు. హాల్లో అన్నీ కలిసి బాగానే ఉంటాయి. రికార్డింగులోకి మాత్రం మైకుల్లో పడ్డదే వస్తుంది, హాలు రాదు. గొంతు చెవి దగ్గర అరుస్తున్నట్టు, మృదంగం పక్కింట్లో మోగుతున్నట్టు తయారవుతుంది. కచేరీ ఎంత గొప్పగా జరిగినా అంతే. అక్కడున్నవాళ్ళు ‘అద్భుతం’ అంటారు, మనకేమో తలనొప్పి. ఎవరిదీ అబద్ధం కాదు.

మూడో రకం ఈ పదిపదిహేనేళ్ళలో పెరిగినది. కొత్త రికార్డింగుల్లో నిజంగా కొత్తదనం ఉన్నదంటే ఇక్కడే. స్పీకర్లు లేకుండా, చిన్న గదిలో, కొద్దిమంది ఎదుట కచేరీ పెడతారు. మైకులు ఉన్నా రికార్డింగు కోసమే, హాల్లో వినిపించడానికి కాదు. మద్‌రసన అనే సంస్థ వాళ్ళు ఇలా చేసిన కచేరీలు వింటే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. గాయకుడు గొంతు తగ్గించగలుగుతాడు. పెద్ద స్పీకర్ల ముందు మంద్రస్థాయి (కింది స్వరాలు) పాడటమంటే చాలామందికి టెన్షన్, తమ గొంతు తమకే వినబడదు. ఇక్కడ మంద్ర పంచమం దగ్గర తాపీగా కూర్చోగలరు. తంబూర నిండుగా వినిపిస్తుంది. వయొలిన్ కమాను తీగ మీద దిశ మారే చోటు కూడా వినబడుతుంది.

ఇంగ్లండ్‌లో 2006 నుంచి జరుగుతున్న దర్బార్ ఫెస్టివల్ వాళ్ళ రికార్డింగులు కూడా ఈ నాణ్యతలోవే, పెద్ద వేదిక మీదివైనా. హిందుస్తానీ ఎక్కువ, కర్ణాటకమూ ఉంటుంది. చిన్న చిన్న భాగాలు యూట్యూబ్‌లో ఉచితంగా పెడతారు, పూర్తి కచేరీలకు చందా. ముందు ఉచితమైనవి వినండి. వాటిలో మీకు నచ్చిన వాద్యం ఏదో తేలాక చందా గురించి ఆలోచించవచ్చు.

మన ఊరివాళ్ళను మరచిపోకూడదు. పంతుల రమ గారి రాగాలాపన వినని వైజాగ్ శ్రోత ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపి ముందు అది వినమంటాను. రాగాన్ని తొందరపడకుండా, ఒక్కో స్వరం దగ్గర ఆగి, అక్కడ ఏముందో చూపించి కదిలే పద్ధతి. వెనక ఎం.ఎస్.ఎన్. మూర్తి గారి వయొలిన్ ఉంటే ఆలాపనలో సగం ఆయనదే అన్నట్టుంటుంది. ఆమెవి ఆల్బమ్‌లూ ఉన్నాయి, కచేరీలూ దొరుకుతాయి. నా ఓటు కచేరీలకే.

పాతవి వినాలంటే ఓపిక కావాలి

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు (78 ఆర్‌పీఎం) ఒక్కో పక్క మూడు నాలుగు నిమిషాలే పడుతుంది. ఆ కాలంలో కీర్తన అంతలో ఇరికించాల్సిందే, ఒక్కోసారి చరణం పోయేది, ఒక్కోసారి వేగం పెరిగేది. అందుకని వాటిని విని ‘పూర్వం వాళ్ళు ఇంత వేగంగా పాడేవారా’ అనుకోవద్దు. ఆ వేగంలో రికార్డు పట్టే సమయం పాత్ర ఎంతో కొంత ఉంటుంది.

ఇంకో చిక్కు శ్రుతిది. పాత రికార్డుల్నీ టేపుల్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు తిప్పే వేగం సరిగ్గా లేకపోతే శ్రుతి మారుతుంది. వేగం 6 శాతం పెరిగితే దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. మగవారి గొంతు కుర్రాడి గొంతులా సన్నగా వినబడితే అనుమానించండి. అదే పాట ఇంకొకరు ఎక్కించింది ఎక్కడైనా ఉందేమో చూడండి, సాధారణంగా ఉంటుంది.

‘రీమాస్టర్డ్’ (పాతదాన్ని శుభ్రం చేసింది) అని రాసి ఉంటే అందరూ అదే ఎంచుకుంటారు. నేనైతే రెండూ విని చూడమంటాను. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ గరగరతో పాటు తంబూర మెరుపునీ వయొలిన్ కమాను రాపిడినీ కూడా ఊడ్చేస్తుంది. మిగిలేది నీళ్ళలోంచి వస్తున్నట్టుండే ధ్వని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి విషయంలో ఇది ప్రాణం మీదికి వచ్చే నష్టం. ఆయన పెరిగింది విశాఖపట్నంలో. విజయనగరం కళాశాలలో వయొలిన్ అధ్యాపకుడై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో సంగీత కళానిధి. ఆయన గొప్పతనమంతా కమానులో ఉంది. కమాను ఎక్కడ ఒత్తారు, ఎక్కడ గాలిలా వదిలారు అన్నది ఆ సన్నటి రాపిడిలోనే తెలుస్తుంది. శుభ్రం చేసిన దానిలో స్వరాలుంటాయి, చెయ్యి ఉండదు. గరగరతో ఉన్నదే పెట్టుకోండి. మొదటి నిమిషం చిరాకేస్తుంది, రెండో నిమిషానికి చెవి సర్దుకుంటుంది.

శ్రీపాద పినాకపాణి గారి రికార్డింగులు వేరే కోవ. ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టరీ చదివిన మనిషి, దాని పక్కనున్న కేజీహెచ్ ఆసుపత్రి వైపు వెళ్ళినప్పుడల్లా నాకు గుర్తొస్తారు. నేదునూరికీ వోలేటికీ చెప్పిన గురువు. ఆయన పాట గురువు పాటే, కీర్తనలోని సంగతులు ఒక్కొక్కటిగా, వరస తప్పకుండా, ఇదీ దీని రూపం అన్నట్టు వినిపిస్తారు. కాలక్షేపానికి పెట్టుకుంటే పొడిగా అనిపిస్తాయి. నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో మాత్రం వీటికి మించినవి లేవు. పిల్లలకు పాఠం చెప్పే టీచరు నేర్పిన పాఠానికీ యూట్యూబ్‌లో విన్నదానికీ పొత్తు కుదరక ఇంట్లో గొడవలు అవుతుంటే, ఇలాంటి ఒక్క ప్రమాణం పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

పాత కచేరీలు ఎక్కడ దొరుకుతాయంటే, సంగీతప్రియ అనే వెబ్‌సైట్‌ను సంగీతాభిమానులు లాభాపేక్ష లేకుండా నడుపుతున్నారు. ప్రసార భారతి కూడా తన భాండారంలోవి కొన్ని యూట్యూబ్‌లో పెడుతోంది. తెలుగు లిపిలో వెతికితే ఒక రకం ఫలితాలు, ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే ఇంకో రకం వస్తాయి. కాంభోజిని ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు, అన్నిటితోనూ వెతకాలి. రాగం పేరు కంటే కీర్తన మొదటి మాట కొట్టడం తేలిక.

దేనిమీద వినాలి

ఇది త్వరగా ముగిస్తాను, ఎందుకంటే జనం దీనిమీద పెట్టే శ్రద్ధలో పదోవంతు చాలు.

ఫోన్ స్పీకర్‌లో మృదంగం ఎడమ చెయ్యి వినబడదు. గుమికి అనే ఆ లోతైన ఊగే నాదం చిన్న స్పీకర్‌కు అందదు. కుడి చేతి టకటక మాత్రం మిగులుతుంది. సగం మృదంగంతో తాళం అర్థం కాలేదని బాధపడి లాభం లేదు. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా చాలు, ఆ సగం తిరిగొస్తుంది. ఇయర్‌ఫోన్స్‌ను బీచ్ రోడ్డు మీద నడుస్తూ వాడేవాళ్ళు ఇంటికి రాగానే తుడిచి పెట్టుకోండి, ఆ ఉప్పుగాలికి జాక్ చిలుము పడుతుంది. ఆర్కే బీచ్‌లో అలల హోరు మధ్య ఆలాపన వినాలనుకోవడం దండగ, అక్కడ తని ఆవర్తనమో మాండలినో పెట్టుకోండి.

యాప్‌ల్లో లాస్‌లెస్ అని, ధ్వనిలో ఏదీ పోకుండా ఉంచినది, వేరే ఇస్తున్నారు. యాపిల్ మ్యూజిక్‌లో అది 2021 నుంచి అదనపు ఖర్చు లేకుండానే ఉంది. తేడా ఉంది, కానీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో పెట్టుకుంటే ఆ తేడా దారిలోనే పోతుంది, బ్లూటూత్ మళ్ళీ కుదించే పంపుతుంది. యాప్‌ల్లో మామూలుగా దొరికే మంచి నాణ్యత, 320 కేబీపీఎస్, గంటకు సుమారు 144 ఎంబీ తింటుంది, లాస్‌లెస్ అయితే 300 నుంచి 400 ఎంబీ దాకా. గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో వినేవాళ్ళకు మొదటిది ఎక్కువే. ఇంట్లో, వైరుతో, ఫ్యాను తగ్గించి వినేవాళ్ళు రెండోది పెట్టుకోవచ్చు. ఫ్యాను మాట తమాషాకు అనడం లేదు. మే నెలలో అయిదో నంబరు మీద తిరిగే సీలింగ్ ఫ్యాను, తంబూరను లాస్‌లెస్ తెచ్చే తేడా కంటే ఎక్కువ మింగేస్తుంది.

అంతకంటే ముఖ్యమైన సెట్టింగు క్రాస్‌ఫేడ్. ఒక పాట అయిపోతుండగానే ఇంకోటి మొదలయ్యేది. అది ఆపేయండి. కచేరీలో ఒకే అంశంగా వరసగా సాగే రాగం, తానం, పల్లవిని మూడు ట్రాకులుగా కోసి పెట్టిన ఆల్బంలో ఇది ఆన్‌లో ఉంటే తానం చివరి స్వరాల మీద పల్లవి వచ్చి పడుతుంది.

ఎవరికి ఏది

చిన్నప్పుడు అమ్మ పాడితే విన్న నాలుగు కీర్తనలు తప్ప ఏమీ తెలియనివాళ్ళు బాలమురళి రామదాసు కీర్తనలతో మొదలుపెట్టండి. సాహిత్యం పట్టుబడ్డాక త్యాగరాజు పంచరత్న కీర్తనలకు రండి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో అందరూ కలిసి పాడేటప్పుడు వింటే హోరే గానీ మాట తెలియదు. ముందు ఒక్కరే పాడిన స్టూడియో రికార్డింగులో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం అయిదూ వినేసి వెళ్ళండి. అప్పుడు ఆ హోరులో మీ గొంతూ కలుస్తుంది.

సినిమా పాటల్లో రాగాలు పట్టుకునే అలవాటున్నవాళ్ళకు స్టూడియో ఆల్బం మీద కాలం వృథా చేయొద్దని చెబుతాను. నేరుగా స్పీకర్లు లేని చిన్న గది కచేరీకి వెళ్ళండి. ఒక్క రాగం ఎంచుకుని, మోహనమో కల్యాణో, వారం రోజులు దానిమీదే ఉండండి, రోజుకో గొంతులో. అదే రాగాన్ని రేడియోలో వోలేటి ఎలా పాడారో చివర్లో వినండి, ముందు వింటే మిగిలినవాళ్ళు ఆనరు.

వీణ ఇష్టమైనవాళ్ళకు మాత్రం లెక్క తలకిందులు. వీణకు కచేరీల్లో కాంటాక్ట్ మైకు అంటిస్తారు, దాంతో తీగ లోహపు చప్పుడు ముందుకొచ్చి వీణ కుండలోంచి వచ్చే గంభీరనాదం పోతుంది. వీణకు మంచి స్టూడియో రికార్డింగే మేలు. చిట్టిబాబు గారివి వినండి, ఈమని శంకరశాస్త్రి గారివి వినండి. మీటు పడిన తర్వాత తీగను పక్కకు లాగితే నాదం ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. అది రెండు మూడు స్వరాల దాకా నిలిచి వినబడితే ఆ రికార్డింగు ఉంచుకోండి, మొదటి స్వరానికే తెగిపోతే తీసేయండి.

వీడియో గురించి చాలామంది అడుగుతారు. ఆలాపనకు అక్కర్లేదు, ముఖం చూస్తూ కూర్చుంటే చెవి పని చేయదు. తని ఆవర్తనానికి మాత్రం పెట్టుకోండి. గాయకుడి చెయ్యి తాళం వేస్తూ కనబడుతుంది, దానితో పాటు మీరూ వేయండి. లెక్క తప్పితే మళ్ళీ ఆ చెయ్యి చూసి సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, పట్టుకోవచ్చు.